ఊరి దీపాన్ని ఊరివారే వెలిగించాలి



ఈ పాఠాన్ని మీరు బహుశా మంచం పక్కన కూర్చుని చదువుతున్నారు. మీ వారికి సెలైను ఎక్కుతూ ఉండవచ్చు. డాక్టరుగారు వచ్చే వేళ కోసం మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఇలాంటి సమయంలో ఊరిని బాగుచేయడం గురించి పాఠమేమిటి అని మీకు అనిపించవచ్చు. దానికొక కారణం ఉంది.

పిల్లల వార్డులో తరచు కనబడే సంగతి ఒకటి చెబుతాము. విరేచనాలతో కళ్ళు లోతుకు పోయిన బిడ్డను తల్లి ఎత్తుకొని వస్తుంది. మూడు నాలుగు రోజుల్లో బిడ్డ తేరుకుంటుంది, నవ్వుతుంది, ఇంటికి వెళ్తుంది. రెండు నెలలు తిరగకుండానే అదే బిడ్డ, అదే జబ్బుతో, ఇంకొంచెం చిక్కిపోయి మళ్ళీ వస్తుంది. మందు తప్పా? కాదు. తల్లి అశ్రద్ధా? అదీ కాదు. బిడ్డ తిరిగి వెళ్ళింది అదే వీధికి. తాగింది అదే నీరు. ఆ వీధికి మంచినీళ్ళ కుళాయి రాలేదు. పక్క వీధికి వచ్చింది.

ఆసుపత్రి జబ్బును తగ్గించగలదు. కాని ఆ కుళాయిని ఆ వీధికి తీసుకొని వెళ్ళలేదు. ఆ పని చేయగలిగినవారు ఊళ్ళో ఉన్నారు. బహుశా అది మీరే. చదువు ఎక్కువ లేనివారు, పదవి లేనివారు కూడా నేర్చుకొని ఇలాంటి పని నడిపించగలరా? ఈ పాఠంలో మనం ఆలోచించేది ఇదే.

అందరికీ ఒకటే అంటే న్యాయమేనా?

ముందుగా ఒక మాటను అర్థం చేసుకుందాం. ఆ మాట సమన్యాయం. అందరికీ ఒకే కొలత ఇవ్వడం సమానత్వం. ఎవరికి ఎంత అవసరమో చూసి, అందరికీ చివరకు మేలు అందేటట్టు చేయడం సమన్యాయం.

ఒక ఊరు అనుకోండి. పిల్లలకు టీకాలు వేస్తారని చాటింపు వేశారు. ఉదయం పదకొండు గంటలకు, పంచాయతీ ఆఫీసు దగ్గర, అందరూ రావచ్చు అన్నారు. ఎవరినీ కాదనలేదు. కాని పదకొండు గంటలకు కూలికి వెళ్ళే తల్లులు చేలో నాట్లు వేస్తూ ఉంటారు. ఊరి చివరి కాలనీ నుండి పంచాయతీ ఆఫీసుకు కిలోమీటరున్నర దూరం. చాటింపు వేసినవాడు కాలనీ దాకా వెళ్ళనేలేదు. సాయంత్రానికి లెక్క చూస్తే టీకాలు పడినవి ఊరి నడుమ ఇళ్ళలోని పిల్లలకే.

తరువాత నెలలో ఆ ఊరివారే ఒక చిన్న మార్పు అడిగారనుకోండి. ఒక రోజు ఉదయం ఏడు గంటలకు, కాలనీలోని అంగన్‌వాడీ దగ్గర టీకాలు వేయమన్నారు. కొత్తగా ఖర్చేమీ లేదు. అదే నర్సమ్మ, అదే మందు. వేళ మారింది, చోటు మారింది. మిగిలిపోయిన పిల్లలకు టీకాలు అందాయి. సమన్యాయం అంటే ఇదే.

ఈ మార్పు ఎవరికి తడుతుంది? తల్లులు ఎన్ని గంటలకు చేలోకి వెళ్తారో తెలిసినవారికే. జిల్లా ఆఫీసులో కూర్చున్నవారికి అది తెలియదు. అందుకే ఊరివారు నేర్చుకోవాలి, ఊరివారు ముందుండాలి అంటున్నాము.

జామ్‌ఖేడ్‌లో ఏం జరిగింది?

ఇది కల కాదు, జరిగిన పని. మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ అనే చిన్న పట్టణం ఉంది. అప్పట్లో అది అహ్మద్‌నగర్ జిల్లా. ఇప్పుడా జిల్లాను అహిల్యానగర్ అంటున్నారు. వానలు సరిగా పడని, కరవుకు అలవాటు పడిన ప్రాంతం అది. 1970లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే డాక్టర్ దంపతులు అక్కడ పని మొదలుపెట్టారు. ఇద్దరూ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు.

అంతకుముందు వారు ఒక పల్లెటూరి మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. పైన మనం చెప్పుకున్న సంగతే వారూ అక్కడ చూశారు. వైద్యం చేసి పంపినవారు అవే జబ్బులతో తిరిగి వస్తున్నారు. ఆసుపత్రి గోడల లోపల ఎంత కష్టపడినా, ఊళ్ళలో జబ్బు పుట్టే చోటు అలాగే ఉంది. అందుకని వారు అమెరికా వెళ్ళి ప్రజారోగ్యం చదువుకొని వచ్చి, జామ్‌ఖేడ్ చుట్టుపక్కల పల్లెలతో కలిసి కొత్త పద్ధతి మొదలుపెట్టారు.

మొదట వారు ఊరివారిని అడిగారు: మీకు ఏది అన్నిటికంటే అవసరం? ఊరివారు డాక్టరు కావాలనలేదు, మందులూ అడగలేదు. నీళ్ళు కావాలి, తిండి కావాలి అన్నారు. అవి కరవు రోజులు. అందుచేత ఆరోగ్య పథకం మొదలైంది బోరుబావులతోను, చిన్నపిల్లలకు ఊరివారే వండిపెట్టే వంటశాలలతోను.

ఇక్కడే ఒక సంగతి గమనించండి. బోరు ఎక్కడ వేయాలి? అలవాటు ప్రకారమైతే పెద్దల వీధిలో వేస్తారు. దళితులు దూరంగా నిలబడి, ఎవరైనా దయతలిచి పోస్తే పట్టుకొని వెళ్తారు. జామ్‌ఖేడ్ పల్లెల్లో బోర్లు దళితవాడల్లో వేయించారు. నీళ్ళు కావలసినవారందరూ అక్కడికే రావలసి వచ్చింది. ఎవరినీ తిట్టలేదు, ఎవరితోనూ తగవు పడలేదు. ఒక్క బోరు ఎక్కడ వేయాలో ఆలోచించి నిర్ణయించినందువల్ల ఏళ్ళ తరబడి ఉన్న ఒక అడ్డుగోడ సడలింది.

పల్లెల్లో ఆరోగ్యం చూసుకోవడానికి మొదట నర్సులను పెట్టారు. అది సాగలేదు. బయటినుండి వచ్చిన నర్సులకు పల్లెలో ఒంటరిగా ఉండడం కష్టమయింది. ఊరి ఆడవారు వారితో మనసు విప్పి మాట్లాడలేదు. అప్పుడు ఆలోచన మార్చుకున్నారు. ఊరిలోని స్త్రీలనే ఎన్నుకొని నేర్పిస్తే ఎలా ఉంటుంది? ఎవరిని పంపాలో ఊరివారినే తేల్చమన్నారు. అలా వచ్చినవారిలో చాలామందికి చదవడం, రాయడం రాదు. చాలామంది దళిత, పేద కుటుంబాలవారు. భర్త వదిలేసినవారు, వితంతువులు కూడా ఉన్నారు.

వారే గ్రామ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. కాన్పులు చూశారు. పిల్లలను తూచారు. క్షయ, కుష్ఠు ఉన్నవారిని గుర్తించి మందులు మానకుండా చూశారు. ఆ పల్లెల్లో 1971లో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1990ల మధ్యనాటికి ఆ సంఖ్య 30 లోపుకు దిగింది. పెద్ద పెద్ద యంత్రాలు ఆ పని చేయలేదు. పలక కూడా పట్టని స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి చేశారు.

1978లో ఆల్మా ఆటాలో జరిగిన ప్రపంచ సభ ఆరోగ్యం అందరి ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. అలాంటి ఆలోచన పనిలో ఎలా ఉంటుందో చూపిన ఉదాహరణలలో జామ్‌ఖేడ్ ఒకటి. అరోలే దంపతులకు 1979లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. మేబెల్ గారు 1999లో, రజనీకాంత్ గారు 2011లో కన్నుమూశారు. కాని వారు నేర్పినది వారితో పోలేదు. ఎందుకంటే అది ఊరివారి చేతుల్లో ఉంది.

వారికి ఎలా నేర్పారు?

ఇది మనం జాగ్రత్తగా చూడవలసిన భాగం. ఒక్కరోజు సభ పెట్టి, ఉపన్యాసం ఇచ్చి, భోజనం పెట్టి పంపితే నాయకులు తయారు కారు. జామ్‌ఖేడ్ శిక్షణలో నాలుగు సంగతులు కనబడతాయి.

మొదటిది, ధైర్యం. మొదటి పాఠం జబ్బు గురించి కాదు, తన గురించి. పుట్టినప్పటినుండి "నీకేం తెలుసు, నోరు మూసుకో" అని విన్న స్త్రీ పదిమందిలో ఎలా మాట్లాడుతుంది? ముందు ఆమె తన పేరు తాను గట్టిగా చెప్పగలగాలి. తనకూ విలువ ఉందని నమ్మాలి. ఆ తరువాతే పొరుగింటి కోడలికి ధైర్యం చెప్పగలుగుతుంది.

రెండవది, కలిసి ఉండడం. శిక్షణకు వచ్చిన స్త్రీలు వేరువేరు కులాలవారు. మొదట్లో దూరం దూరంగా కూర్చున్నారు. అక్కడ కలిసి వండుకున్నారు, కలిసి తిన్నారు, రాత్రి ఒకే చోట పడుకున్నారు. అంటరానితనం తప్పు అని పుస్తకం చదివి నేర్చుకోవడం వేరు. పక్కామె చేతి రొట్టె తిని నేర్చుకోవడం వేరు.

మూడవది, మళ్ళీ మళ్ళీ రావడం. వారు వారం వారం వచ్చేవారు. నేర్చుకున్నది ఊరికి వెళ్ళి చేసేవారు. చేసినప్పుడు ఎదురైన చిక్కును తరువాతి వారం తెచ్చేవారు. "ఆ ఇంట్లో అత్తగారు ఒప్పుకోలేదు, ఏం చెప్పాలి?" అని ఒకామె అడిగితే, అలాంటి అత్తగారిని ఒప్పించిన ఇంకొకామె జవాబు చెప్పేది. అలా ఒకరికొకరు గురువులయ్యారు.

నాలుగవది, తెలిసినది పంచడం. డాక్టరు తనకు తెలిసినదాన్ని దాచుకోలేదు. కార్యకర్త కూడా దాచుకోకూడదు. విరేచనాలయ్యే బిడ్డకు నీళ్ళు మానిపించకూడదని తనకు తెలిస్తే, ఆ వీధిలో ప్రతి తల్లికీ తెలియాలి. ముక్తాబాయి పోల్ అనే జామ్‌ఖేడ్ కార్యకర్త అమెరికాలో ఒక పెద్ద సభలో మాట్లాడారు. ఆ హాలులోని ఖరీదైన దీపాల గుత్తులను, ఒక చిన్న ప్రమిదను పోల్చి చెప్పారు. ఆ గుత్తులు అందంగా ఉంటాయి, కాని పేదవాడి ఇంటికి రావు. ప్రమిద చిన్నదే, కాని ఒక ప్రమిదతో ఇంకొక ప్రమిదను వెలిగించవచ్చు. ఆమె చెప్పిన భావం ఇదే.

మగవారూ, యువకులూ మరి?

ఆరోగ్యం ఆడవారి పని అని మగవారు పక్కకు తప్పుకుంటే పని సగంలో ఆగుతుంది. బోరు దగ్గర నీరు నిలవకుండా కాలువ తీయాలన్నా, పంచాయతీలో మాట్లాడాలన్నా, మందుల కోసం పట్టణానికి వెళ్ళాలన్నా మగవారూ ఉండాలి. జామ్‌ఖేడ్‌లో మగవారిని వాలీబాల్ ఆటతో దగ్గర చేశారు. ఆటలో కులం చూసి బంతి అందించలేరు గదా! ఆటలో మొదలైన కలయిక రైతు సంఘాలుగా మారింది. వారు చెట్లు నాటారు, నేల కొట్టుకుపోకుండా కట్టలు వేశారు, ఊరిలో సర్వే చేశారు. తరువాత మహిళా మండళ్ళు వచ్చాయి. ఆ తరువాత కిశోర బాలికలకు ప్రత్యేక తరగతులు వచ్చాయి.

మీ ఊళ్ళో ఇంటరు చదివి ఇంట్లో ఉన్న పిల్లలు ఉంటారు. "పనీ పాటా లేదు" అని వారిని తిట్టుకోకండి. లెక్క రాయగలరు, దరఖాస్తు రాయగలరు, ఫోనులో సమాచారం వెతకగలరు. పెద్దలకు ఊరి పరిస్థితి తెలుసు, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుసు. ఈ రెండూ కలిస్తే పని నడుస్తుంది.

మన తెలుగు నేలమీద ఒక పాఠం

అది మహారాష్ట్ర, మన ఊళ్ళలో ఇది సాగదు అనుకుంటున్నారా? 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. ఊరి యువకులే స్వచ్ఛందంగా పంతుళ్ళయ్యారు. పగలంతా కూలిచేసి వచ్చిన స్త్రీలు రాత్రిపూట వీధిదీపం కింద పలక పట్టుకున్నారు. వారు అక్షరాలు మాత్రమే నేర్చుకోలేదు. పాఠం తరువాత తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బు ఎక్కడికి పోతున్నది? ఇంట్లో బియ్యం లేకపోయినా సారా దుకాణం ఎందుకు నడుస్తున్నది?

1992లో దూబగుంట అనే ఊరి స్త్రీలు కలిసి తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. ఒక ఊరి కథ విని మరొక ఊరు, ఒక జిల్లాను చూసి మరొక జిల్లా కదిలాయి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించిన మాటా నిజమే. గెలిచినదాన్ని నిలుపుకోవడానికి కూడా సంఘం మెలకువగా ఉండాలని అది నేర్పుతుంది. అయినా, పలక పట్టిన కూలి స్త్రీలు ప్రభుత్వం చేత నిర్ణయం మార్పించారన్నది చరిత్ర.

మీ ఊళ్ళో ఎలా మొదలుపెట్టాలి?

పెద్ద సంస్థ అక్కరలేదు. పెద్ద మొత్తం అక్కరలేదు. ఈ మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి.

1. ఐదారుగురిని కలపండి. వారిలో సగం మంది స్త్రీలు ఉండాలి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళవారు ఇద్దరైనా ఉండాలి. ఏ వీధికి మేలు అందడం లేదో ఆ వీధివారు తప్పక ఉండాలి. వారు లేకుండా వారి గురించి నిర్ణయం చేయవద్దు.

2. నేలమీద ఊరి పటం వేయండి. ముగ్గుపిండితో వీధులు, ఇళ్ళు, బోర్లు, అంగన్‌వాడీ, బడి గీయండి. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటిమీద చింతగింజ, గర్భిణి ఉన్న ఇంటిమీద చిన్న రాయి, ఒంటరి ముసలివారు లేదా వికలాంగులున్న ఇంటిమీద ఆకు పెట్టండి. చదువు రానివారు కూడా ఇందులో పాల్గొనగలరు. అరగంటలో ఊరి బొమ్మ కళ్ళముందు ఉంటుంది.

3. ఒకే ప్రశ్న అడగండి: ఎవరికి అందలేదు? టీకా ఎవరి పిల్లలకు పడలేదు? కుళాయి ఏ వీధికి లేదు? అంగన్‌వాడీ గుడ్లు ఏ ఇంటికి చేరడం లేదు? పేర్లు బహిరంగంగా చదివి ఎవరినీ సిగ్గుపరచకండి. లెక్క మాత్రం పుస్తకంలో రాసుకోండి.

4. ఎందుకు అందలేదో వారినే అడగండి. "వాళ్ళకు శ్రద్ధ లేదు" అని మనమే తీర్పు చెప్పడం తేలిక. ఇంటికి వెళ్ళి, కూర్చుని, వినండి. "ఆ వేళకు కూలికి పోతానమ్మా" అంటుంది ఒకామె. "అక్కడికి వెళ్తే మమ్మల్ని వెనక నిలబెడతారు" అంటుంది ఇంకొకామె. అసలు కారణం అక్కడ దొరుకుతుంది.

5. ఒక్క పనే ఎంచుకోండి. మూడు నెలల్లో తేలే చిన్న పని కావాలి. మొదటి పని నెరవేరితే నమ్మకం పుడుతుంది. పది పనులు నెత్తికెత్తుకొని ఒక్కటీ కాకపోతే సంఘమే చెదిరిపోతుంది.

6. తెలిసినవారి దగ్గర నేర్చుకోండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం నర్సమ్మ మీ ఊరికి వచ్చేవారే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పటినుండి ఊరూరా ఆశాలు పనిచేస్తున్నారు. వారంలో ఒక గంట వారిని పిలిచి నేర్చుకోండి. విన్నది చేసి చూడండి. ఓఆర్ఎస్ ఎలా కలపాలో మాటలతో చెబితే మరచిపోతారు. ప్రతి ఒక్కరూ కలిపి, రుచి చూసి, ఇంకొకరికి నేర్పితే మరచిపోరు.

7. అడగవలసిన చోట రాసి అడగండి. గ్రామసభలో నోటితో చెప్పి ఊరుకోవద్దు. తేదీ వేసి, కొందరు సంతకాలు, వేలిముద్రలు పెట్టి అర్జీ ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకొని, అందినట్టు సంతకం తీసుకోండి. మర్యాదగా మాట్లాడండి, కాని జవాబు వచ్చేదాకా వదలవద్దు.

8. మళ్ళీ లెక్క చూడండి. మూడు నెలల తరువాత అదే ముగ్గు పటం వేయండి. ముందు ఎందరు మిగిలిపోయారు, ఇప్పుడెందరు? తగ్గితే అందరితో చెప్పండి. తగ్గకపోతే ఎందుకో వెతకండి. పని జరగకపోవడం అవమానం కాదు. జరగని సంగతి దాచడమే తప్పు.

ఒక ఉదాహరణ: క్షయ ఉన్న ఇల్లు

ఊళ్ళో ఒక కూలి మనిషికి క్షయ వచ్చిందనుకోండి. మందులు ఉచితమే. మామూలు క్షయకు కనీసం ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే అతనికి తేలికగా అనిపిస్తుంది. పైగా ఇరుగుపొరుగు తేడాగా చూస్తున్నారు. టీకొట్టులో గ్లాసు వేరు పెట్టారు. ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి పోతుంది. అతను మందు మానేస్తాడు. కొన్నాళ్ళకు జబ్బు ముదిరి, మందులకు లొంగని క్షయగా కూడా మారవచ్చు. ఇంట్లో పసిపిల్లలకు అంటవచ్చు.

ఇక్కడ మందు ఉంది, డాక్టరు ఉన్నాడు. లేనిది ఊరి అండ. మీ సంఘంలో ఒక యువకుడు రోజూ అతను మాత్ర వేసుకున్నాడా అని చూడవచ్చు. ఒక పెద్దాయన టీకొట్టు యజమానితో మాట్లాడవచ్చు. మందు సరిగా వాడుతుంటే జబ్బు అంటే ప్రమాదం త్వరగా తగ్గిపోతుందనీ, గ్లాసు వల్ల క్షయ అంటదనీ చెప్పవచ్చు. పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుండి క్షయ రోగులకు నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుండి దాన్ని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు అతని బ్యాంకు ఖాతాలో పడుతున్నదా అని ఒక అమ్మాయి కనుక్కోవచ్చు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని కఫం పరీక్షకు పంపవచ్చు. ఇవన్నీ చిన్న పనులే. కాని ఒక కుటుంబం నిలబడుతుంది.

ఈ తప్పులు చేయకండి

మీరు డాక్టరు కారని మరచిపోకండి. నాలుగు సంగతులు నేర్చుకున్నాక ఇంజక్షన్లు చేయడం, కనబడిన మాత్ర ఇవ్వడం ప్రమాదం. ఏది మన చేతిలో ఉంది, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలి అన్నది తెలిసినవారే మంచి నాయకులు. ఉదాహరణకు విరేచనాలయ్యే బిడ్డకు ఓఆర్ఎస్ ఇవ్వండి. ప్యాకెట్టు మీద ఎంత నీరని ఉందో చూసి కలపండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. తల్లిపాలు మానవద్దు. కాని బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

ఒకరే అంతా చేయవద్దు. ఎంత మంచివారైనా ఒక్కరి మీద నడిచే పని ఆ ఒక్కరితోనే ఆగిపోతుంది. మీకు తెలిసిన ప్రతి పనీ ఇంకొకరికి నేర్పండి.

రాజకీయానికి, కుల తగాదాకు పనిని అప్పగించవద్దు. "ఇది ఫలానావారి సంఘం" అన్న పేరు పడితే, సగం ఊరు తలుపు వేసుకుంటుంది.

డబ్బు లెక్క దాచవద్దు. పది రూపాయలు వసూలు చేసినా గోడమీద రాయండి.

ఎవరైనా ఎదిరిస్తే కోపం తెచ్చుకోవద్దు. గర్భిణి ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మన ఊళ్ళలోనూ ఇంకా కొందరు అత్తలు అంటారు. ఆ అత్తగారు శత్రువు కాదు. తనకు చెప్పినదాన్నే ఆమె చెబుతోంది. ఆమెను వేళాకోళం చేస్తే కోడలికి ఇంకా కష్టం. బాగా తిని, క్షేమంగా కన్న ఒక తల్లిని, ఆమె అత్తగారిని వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళండి. అత్త మాట అత్త వింటుంది.

ఆలోచించండి, ఇంట్లో మాట్లాడుకోండి

1. మీ వారికి వచ్చిన ఈ జబ్బు మీ ఊళ్ళో ఇంకా ఎవరికైనా వచ్చిందా? వారందరూ ఒకే వీధివారా?

2. మీ ఊళ్ళో "అందరికీ" అని ఇచ్చే మేలు నిజంగా ఎవరికి చేరడం లేదు?

3. ఊళ్ళో మాట్లాడడానికి భయపడే ఒక మనిషి పేరు తలచుకోండి. ఆమెకు ధైర్యం రావాలంటే మీరు ఏం చేయగలరు?

4. ఇంటికి వెళ్ళాక మొదట కలవవలసిన ఇద్దరు ఎవరు?

ఇంటికి వెళ్ళేముందు

త్వరలో మీ వారిని ఇంటికి పంపిస్తారు. మందుల చీటీ ఇస్తారు, మళ్ళీ ఎప్పుడు రావాలో చెబుతారు. ఆ చీటీ జాగ్రత్తగా దాచుకోండి, మందులు సరిగా వాడండి. దానితోపాటు ఇంకొక చిన్న పని చేయండి. వార్డులో ఉన్నన్నాళ్ళు మీరు నేర్చుకున్నది ఏదో ఒకటి ఉంటుంది. చేతులు సబ్బుతో ఎప్పుడు కడగాలో, నీళ్ళు ఎలా మూతపెట్టి ఉంచాలో, బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలే ఎందుకు పట్టాలో నర్సమ్మను అడిగి బాగా తెలుసుకోండి. ఇంటికి వెళ్ళిన వారంలోపు ఆ ఒక్క సంగతిని మరొక ఇంటికి చెప్పండి. ముందుగా, ఎవరూ వెళ్ళని ఇంటికి వెళ్ళి చెప్పండి.

అక్షరం రాని స్త్రీలు జామ్‌ఖేడ్ పల్లెల్లో పసిపిల్లల చావులను తగ్గించారు. పలక పట్టిన కూలి స్త్రీలు దూబగుంటలో సారాను ఆపారు. వారూ ఒకప్పుడు మీలాగే "మావల్ల ఏమవుతుంది?" అన్నవారే. విరేచనాలతో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ బిడ్డ మూడోసారి ఈ వార్డుకు రాకుండా ఉండాలంటే, ఆ వీధి కోసం నిలబడేవారు కొందరు కావాలి. ఆ కొందరిలో మీరూ ఒకరు కండి.

జ్ఞాపకముంచుకోండి

జబ్బును ఆసుపత్రి తగ్గిస్తుంది. జబ్బు పుట్టే చోటును ఊరివారు మార్చాలి.

అందరికీ ఒకటే ఇవ్వడం చాలదు. అందనివారికి అందేలా చూడాలి.

నాయకులు ఒక్కరోజు సభలో తయారు కారు. నేర్చుకొని, చేసి, తప్పు దిద్దుకొని, మళ్ళీ నేర్చుకొని తయారవుతారు.

తెలిసినది దాచుకోకండి. ఒక దీపంతో ఇంకొక దీపం వెలిగిస్తే మొదటి దీపం వెలుగు తగ్గదు.